బొగ్గుట్ట మస్టర్‌లో మా తాత పేరు

మా ఊరికి రెండు పేర్లు. కాగితాల మీద ఇల్లందు. నోటిమాటలో బొగ్గుట్ట. మా తాతకూ రెండు పేర్లే. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి, మస్టర్‌లో పడ్డ పేరు ఇంకొకటి. ఊరికి రెండు పేర్లుంటే ఎవరికీ నష్టం లేదు. బస్సు బోర్డు మీద ఏది రాసినా ఎక్కేటోడు ఎక్కుతడు. మనిషికి రెండు పేర్లుంటే ఏమైతదో మూడు తరాలుగా మా ఇంట్లో చూస్తున్నం.

నేను ప్రభుత్వ బడిలో సోషల్ పాఠాలు చెప్తా. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని. నా బడి ఇల్లందుకూ కొత్తగూడేనికీ నడుమ అడవి అంచున ఉంటది. పిల్లల్లో కోయలున్నరు, లంబాడీలున్నరు, బాయి పనిచేసి దిగిపోయిన మాదిగ, మాల ముసలోళ్ళ మనుమలు, మనుమరాండ్లున్నరు. వాళ్ళకు మన ప్రాంతం చరిత్ర చెప్దామని కూర్చుని దొరికిన పుస్తకాలన్నీ తిరగేసిన. దొరల పేర్లు దొరికినయి, నిజాం పేరు దొరికింది, టన్నుల లెక్కలు దొరికినయి. మా తాత మాత్రం దొరకలేదు. దొరకకపోవడానికి కారణం మా తాతలో కొంత ఉంది, చరిత్రలో కొంత ఉంది. రెండూ చెప్తా.

అందరూ చెప్పే కథ ఇట్ల మొదలైతది. భద్రాచలం పోయే యాత్రికులు దారిలో మూడు రాళ్ళు పెట్టి అన్నం వండుకుంటుంటే పొయ్యి రాళ్ళే అంటుకున్నయట. ఇది నోటి కథ. కాగితం మీది చరిత్ర 1871లో మొదలైతది. ఆ ఏడు భారత భూగర్భ సర్వే శాఖ నుంచి డాక్టర్ విలియం కింగ్ అనే ఆయన వచ్చి ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించిండు. ఆయన పేరు మీదనే ఇప్పటికీ ఒక బొగ్గు పొరను కింగ్ సీమ్ అంటరు. కింగ్ ఉన్నడు కాబట్టి ఇంకో పొర క్వీన్ సీమ్ అయింది. మా నాయన చదువు రాకముందే ఈ రెండు ఇంగ్లీషు మాటలు నేర్చుకున్నడు. "ఇయ్యాల రాజు కాడ పని, రేపు రాణి కాడ పని" అని నవ్వేటోడు.

ఈ అడవిలో పుట్టి పెరిగిన కోయోళ్ళకు నల్లరాయి మండుతదని అంతకుముందు తెలవదా? తెలిసే ఉంటదని నేననుకుంట. కాని వాళ్ళు పై అధికారికి రిపోర్టు రాయలేదు. రిపోర్టు రాసినోడే కనిపెట్టినోడు.

బొగ్గు కనపడ్డంక అది మొదట పోయింది లండన్‌కు. బొగ్గు కాదు, దాని మీద హక్కు. 1886లో నిజాం ప్రభుత్వం ఇచ్చిన గనుల హక్కుతోటి లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది. ఇక్కడ నేల తవ్వకముందే అక్కడ షేర్ల బేరాలు నడిచినయి. అందులో నిజాం కొలువులోని పెద్ద అధికారి అబ్దుల్ హక్ సొంత లాభం చూసుకున్నడని గొడవైంది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు విచారణ సంఘం వేసింది. ఆయన పదవి పోయింది, కంపెనీ మాత్రం నిలబడ్డది. 1889లో ఇల్లందులో బొగ్గు తీసుడు మొదలైంది. ఆ ఏడే నిజాం రైలు బెజవాడ దాకా పోయింది, డోర్నకల్ కాడ చీలిన లైను ఇల్లందు బొగ్గును అందుకున్నది. బొగ్గు లేంది రైలు లేదు, రైలు లేంది బొగ్గు కదలదు.

ఇక సింగరేణి అంటారా, అది కారేపల్లి పక్కన ఒక పల్లెటూరు. 1920 డిసెంబర్ 23న పెట్టిన కొత్త కంపెనీకి ఆ పల్లె పేరే పెట్టిండ్రు. 1945లో నిజాం ప్రభుత్వం ఎక్కువ షేర్లు కొని కంపెనీని చేతిలోకి తీసుకున్నది. 1960లో కేంద్ర ప్రభుత్వం వాటాదారైంది. ఇప్పుడు తెలంగాణ రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం. పల్లె అక్కడనే ఉంది. పేరు మాత్రం 1920లలో బెల్లంపల్లికి, 1937లో కొత్తగూడేనికి, తర్వాత గోదావరిఖనికి, మణుగూరుకు, మొన్న మొన్న ఒడిశాలోని నైని బ్లాకు దాకా పోయింది. కంపెనీ ఇన్ని చేతులు మారింది, పేరు మార్చుకున్నది. అయినా దాని ఆస్తిపాస్తులు దానికే ఉన్నయి. "నీ పాత పేరేంది, రుజువేంది" అని ఎవ్వరూ అడగలేదు. మా తాతను అడిగిండ్రు. ఆయన పోయినంక మా నాయనను అడిగిండ్రు. తర్వాత నన్ను అడిగిండ్రు.

మా తాతది ఇప్పటి మహబూబాబాద్ వైపు ఒక ఊరు. మాదిగ ఇల్లు. ఆయన తండ్రి దొర మోటలకు తోలు బొక్కెనలు కుట్టేటోడు, చెప్పులు కుట్టేటోడు. కూలి లేదు. వెట్టి. ఆ మాట ఇప్పటి పిల్లలకు విడమర్చి చెప్పాల్సి వస్తది. దొర ఇంట్లో పెళ్ళైతే మనం డప్పు కొట్టాలె, చావైతే మనం కట్టెలు మోయాలె, అధికారి ఊర్లెకొస్తే వాని సామాన్లు పక్కూరి దాకా నెత్తిన పెట్టుకుని పోవాలె. పైసా అడగొద్దు. మా ముత్తాత కుట్టిన బొక్కెన దొర బాయిల దిగి నీళ్ళు తోడేది. ఆ నీళ్ళను మా ముత్తాత దోసిలి పట్టి, ఎవరన్నా పై నుంచి పోస్తే తాగేటోడు. తోలు ముట్టుకోవచ్చు, బాయి ముట్టుకోవద్దు.

తెలంగాణలో బొగ్గు గనిని కూడ బాయే అంటరు. పనికి పోవుడంటే బాయి దిగుడు. ఊరి బాయి గట్టు మీద కాలు పెట్టనియ్యని మనుషులకు బొగ్గుబాయి తలుపు తెరిచి పెట్టిండ్రు. ఎందుకు తెరిచిండ్రు? చీకట్లోకి, వేడిలోకి, పైకప్పు ఎప్పుడు కూలుతదో తెలవని జాగలోకి భూమి ఉన్నోడు రాడు. వచ్చేది భూమి లేనోడు. మా ప్రాంతంలో భూమి లేనోడంటే ఎవడో మీకు చెప్పక్కరలేదు. వరంగల్లు, నల్లగొండ, కరీంనగర్ పల్లెల నుంచి మాదిగ, మాల కుటుంబాలు రైలుకట్ట పట్టుకుని నడిచి వచ్చినయి.

మా తాత కూడ అట్లనే వచ్చిండు. సాయుధ పోరాటం నడిచి, పోలీస్ చర్య జరిగిన రోజులు. పారిపోయిన దొరలు మళ్ళా ఊర్లకొస్తున్నరు. ఒకరోజు పొద్దుగాల వెట్టికి రమ్మని కబురు వస్తే పోకుండ ఇంట్లో ఉన్నది ఒక్క జత బట్ట మూటగట్టుకుని బొగ్గుట్ట తొవ్వ పట్టిండు. అప్పటికి ఆయనకు ఇరవై ఏండ్లు ఉంటయేమో. పుట్టిన తేదీ రాసిపెట్టినోళ్ళు ఎవరూ లేరు.

కూలీలను సమకూర్చే ఒక గుత్తేదారు దగ్గర నిలబడ్డడు. అప్పటికే పనిలో పేరు రాయించుకున్న ఒకాయన నాలుగు రోజులు బాయి దిగి, భయపడి ఇంటికి ఉరికిండట. ఆయన మళ్ళా రాలేదు. గుత్తేదారు, "వాని పేరు మీద పోతవా?" అనడిగిండు. మా తాత సరే అన్నడు. కొత్త పేరు రాయిస్తే ఆలస్యం. పాత పేరుంటే దొర మనుషులు వెతుక్కుంట వస్తరని భయం. ఆ రోజుకు మా తాతకు కావాల్సింది రెండే. ఒకటి తిండి, రెండు దాక్కునే చోటు. మారుపేరు రెండూ ఇచ్చింది.

ఆ పేరు ఇక్కడ రాస్తలేను. ఆ మనిషి పిల్లలు ఎక్కడో ఉంటరు. ఒక్కటి చెప్తా. అది మాదిగోళ్ళు పెట్టుకునే పేరు కాదు. మాకంటే నాలుగు మెట్లు పైన ఉన్న కులం పేరు.

నేలమాళిగలో అందరూ నలుపే. బొగ్గు దుమ్ము పడ్డంక మాదిగెవడో రెడ్డెవడో తెలవదు అని పాటలు కట్టినోళ్ళున్నరు. రెండేండ్లు మా తాతకు అది నిజంగనే అనుభవమైంది. మారుపేరు మనిషిగా లైన్లల్ల ఉన్నడు. నల్లా కాడ అందరితోటి వరుసలో నిలబడ్డడు. పుట్టిన కాడికెల్లి నిండు చెంబు తన చేత్తో ముంచుకుని తాగింది అక్కడనే. నాయినమ్మ ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా, "నీళ్ళ రుచి బొగ్గుట్టలనే తెలిసింది మీ తాతకు" అనేది.

మూడో ఏడు మా తాత ఊరోడే ఒకడు పనికి వచ్చిండు. ఊరి పేరుతో, కులం పేరుతో పిలిచిండు. అంతే. సాయంత్రానికి లైన్లన్నిటికీ తెలిసిపోయింది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఆడోళ్ళు నల్లా కాడ బిందెలు ఒలకబోసుకుని చింతపండు పెట్టి మళ్ళా తోముకున్నరు. మా తాత ఆ రాత్రే మూట తీసుకుని మనోళ్ళుండే గుడిసెల వైపు పోయిండు. మస్టర్‌లో పేరు మాత్రం అట్లనే ఉన్నది. బాయి కింద పైకులం పేరు, బాయి పైన మాదిగ బతుకు.

ఆ గుడిసెలల్లనే మా నాయినమ్మ పుట్టింది. నాయినమ్మ తల్లి మొగనితోటి జతగా బాయి దిగేదట. మొగడు బొగ్గు కొడితే పెండ్లాం తట్టకెత్తి మోసేది. ఇప్పటోళ్ళు నమ్మరు, ఆడోళ్ళు బాయి దిగుడేందంటరు. ఇంగ్లీషోళ్ళ ఇలాకాలో ఆడోళ్ళు గనుల్లోకి దిగకుండ 1929లో నియమాలు పెట్టి పదేండ్లలో మాన్పించిండ్రు. యుద్ధం వచ్చి బొగ్గు కరువైతే 1943లో ఆ నిషేధం ఎత్తేసిండ్రు. అప్పుడు వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడు ఎవరో తెలుసా? మన అంబేద్కరే. సభలో సభ్యులు నిలదీస్తే ఆయన జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఆడవాళ్ళకూ మగవాళ్ళతో సమానంగ కూలి ఇస్తున్నమని చెప్పిండు. అదే 1943 డిసెంబర్‌లో ధన్‌బాద్ పోయి తానే బొగ్గుబాయి దిగి చూసిండు. 1944లో బొగ్గుగని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్సు వచ్చింది. 1946లో ఆడోళ్ళ మీద నిషేధం మళ్ళా పెట్టిండ్రు. మహద్ చెరువు కాడికి పోయిన అంబేద్కర్ మన పోస్టర్లల్ల ఉన్నడు. బొగ్గుబాయి దిగిన అంబేద్కర్ కూడ ఉండాలె. ఆయన కాడికి పోయి "మీరు ఆడోళ్ళను మళ్ళా ఎందుకు దింపనిచ్చిండ్రు?" అని అడిగే హక్కు కూడ మా నాయినమ్మ తల్లికి ఉండాలె. గౌరవం అంటే అడగకపోవుడు కాదు.

నిజాం ఇలాకా వేరు కాబట్టి ఆ చట్టాలు ఇక్కడికి నేరుగ రాలేదు. 1952 గనుల చట్టం దేశమంతటికీ ఒక్కటే అయింది. ఆడోళ్ళు భూమి లోపలి పనికి పోవద్దన్నది. చట్టం మంచిదే. కాని లోపలి పని పోయినోళ్ళకు బయట ఏ పని దొరికింది? మా నాయినమ్మ బాయి పైన బొగ్గులోంచి రాయి ఏరింది. పేలుడు మందు పెట్టిన బొక్కలల్ల కూరే బంకమట్టి ముద్దలు చేసింది. ఆమె చేసిన మట్టి ముద్ద లేకుంటే మందు పేలినా బొగ్గు రాలదు. 2019లో మళ్ళా ఆడోళ్ళు ఇష్టపడితే లోపలికి దిగొచ్చని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అది చదువుకున్న ఆడపిల్లలకు అవకాశం, కాదనను. తట్ట మోసిన ఆడోళ్ళ లెక్క మాత్రం ఎవరూ తీయలేదు.

కులం బాయిలకు ఎట్ల దిగిందో విద్యార్థులు తెలుసుకోవాలె. ఎవరూ బోర్డు పెట్టలేదు. బాయిల మెట్లున్నయి. అన్నిటికంటే కింద ఫిల్లర్. పేల్చిన బొగ్గును చెమ్మస్‌తోటి తట్టకెత్తి టబ్బు నింపేటోడు. తర్వాత టబ్బులు నెట్టే ట్రామర్. దిమ్మెలు నిలబెట్టే టింబర్‌మన్. ఆపైన సర్దార్, ఓవర్‌మన్, మేనేజర్. సర్దార్ కావాలంటే పరీక్ష రాసి సర్టిఫికెట్ తేవాలె. పరీక్షకు అక్షరం కావాలె. అక్షరం ఎవరి ఇంట్లో ఉందో వాడు మెట్టెక్కిండు. వేలిముద్ర వేసినోడు ఫిల్లర్‌గా ఎక్కి ఫిల్లర్‌గానే దిగిండు. మా తాత ముప్పై ఏండ్లు ఫిల్లరే. ఆరోగ్యం చెడి అన్‌ఫిట్ అయితే 1980లో ఆయన ఉద్యోగం మా నాయనకొచ్చింది. నాయన బదిలీ ఫిల్లర్. తట్ట కూడ వారసత్వమే.

మా నాయన పనిలో చేరిన మరుసటేడే 1981 సమ్మె వచ్చింది. ఒక రోజు చట్టవిరుద్ధ సమ్మె చేస్తే ఎనిమిది రోజుల జీతం కోస్తమన్న నిబంధన మీద 56 రోజులు బాయిలు బందైనయి. ఆ 56 రోజులు మా ఇంట్లో గట్క, పచ్చిమిరపకాయ. నాయనకు ఆ రోజులంటే ఇప్పటికీ గర్వం. సంఘాలు లేకుంటే జీతాలు లేవు, క్వార్టర్లు లేవు, దవాఖాన లేదు. 1975 జనవరి నుంచి అమలైన మొదటి బొగ్గు వేతన ఒప్పందం, ఆ తర్వాతి ఒప్పందాలు కొట్లాడి తెచ్చుకున్నవే. నేను చదువుకున్నది ఆ జీతంతోనే. ఈ మాట చెప్పకుండ ముందుకు పోతే ద్రోహమైతది.

అయినా ఒక మాట అడగాలె. సభలో అందరం కామ్రేడ్లమే. సభ అయిపోయినంక నల్లా కాడ ఎవరం? చింతపండుతో బిందెలు తోమిన రోజు మా తాత ఒక నాయకుని కాడికి పోయిండట. ఆయన మంచోడే. "కార్మికునికి కులం లేదు, ఇసొంటియి మనసులో పెట్టుకోకు" అన్నడట. మా తాత మనసులో పెట్టుకున్నది కాదు అది. వాళ్ళు బిందెల మీద పెట్టుకున్నది. కారంచేడు 1985లో, చుండూరు 1991లో జరిగినంకనే మా లైన్లల్ల అంబేద్కర్ జయంతి పెద్దగ చేసుడు మొదలైంది. అప్పుడు మా నాయన ఎర్రజెండా వదల్లేదు, నీలిజెండా కూడ పట్టిండు. రెండు చేతులున్నయి కద అన్నడు.

ఇక నా సంగతి. ఇంటర్ అయినంక కుల ధ్రువపత్రం కోసం ఒక ఆఫీసుకు పోయిన. నాయన ఉద్యోగం కాగితంలో తండ్రి పేరు కాడ మారుపేరున్నది. గుమస్తా చూసి, "ఇది మీ కులపోళ్ళ పేరు కాదు కదా, ఎస్సీ ఎట్లయితవు?" అన్నడు. నా ఒళ్ళు మండింది. బిందె తోమిననాడు ఏ పేరూ మమ్మల్ని కాపాడలేదు. ఇప్పుడు అదే పేరు చూపెట్టి నువ్వు మాదిగ కాదంటున్నరు. ఊరి నుంచి ముసలోళ్ళను తోలుకొచ్చి సాక్ష్యం చెప్పిచ్చే సరికి ఆ ఏడు కాలేజీ సీటు పోయింది. ఏ దొరకు భయపడి మా తాత పేరు దాచుకున్నడో, ఆ ఊరికే పోయి "మేం మీ మాదిగోళ్ళమే, చెప్పుండ్రి" అని బతిమాలుకున్నం.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. బొగ్గుబాయిల ప్రాంతమంతా మారుపేర్ల సమస్య ఉంది. సంఘాల డిమాండ్ల కాగితాలల్ల ఏండ్ల తరబడి ఆ లైను ఉంటనే ఉంది. వెట్టి నుంచి పారిపోయినోళ్ళు, ఇంకొకని జాగలో చేరినోళ్ళు, పిలిచిన పేరు ఒకటైతే గుమస్తా రాసింది ఇంకొకటైనోళ్ళు ఎందరో. చదువు రానోని పేరు రాసేటోని చేతిలో ఉంటది.

1990-91 నాటికి సింగరేణిలో లక్షా 16 వేల మంది పనిచేసిండ్రు. ఇప్పుడు సుమారు 40 వేలు. 1992లో కంపెనీ నష్టాలతో ఖాయిలా పరిశ్రమల బోర్డుకు ఎక్కింది. తర్వాత స్వచ్ఛంద విరమణలు వచ్చినయి, మా నాయనా తీసుకున్నడు. యంత్రాలొచ్చినయి, తట్ట పోయింది. తట్ట పోవాల్సిందే, అది నడుము విరిచే పని. తట్టతోటి తట్ట మోసినోని పిల్లల బువ్వ కూడ పోయింది. 2011 సకల జనుల సమ్మెల ఈ బాయిలన్నీ ఆగినయి. రాష్ట్రమొచ్చింది. 2017లో వారసత్వ ఉద్యోగాలు చెల్లవని హైకోర్టు కొట్టేసింది. తర్వాత కారుణ్య నియామకాల పేరుతో కొన్ని మొదలైనయి. ఓపెన్‌కాస్టులల్ల మట్టి తీసే పని కాంట్రాక్టు కంపెనీలది. ఇల్లందులో భూమి లోపలి బాయిలు మూతపడ్డయి. మిగిలినయి ఓపెన్‌కాస్టులు, వాటి పక్కన మట్టి గుట్టలు.

ఈ పాఠం బడిలో చెప్తుంటే ఎనిమిదో తరగతి కోయ పిల్ల ఒకతి లేచి నిలబడ్డది. "టీచర్, బాయి తవ్వకముందు ఆ జాగ ఎవరిది?" అనడిగింది. నాకు వెంటనే నోరు రాలేదు. కొత్తగూడెం అన్న మాటలనే గూడెం ఉంది. కోయగూడెం అంటే ఇప్పుడు ఒక ఓపెన్‌కాస్టు పేరు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోవద్దని 1959లో చట్టం వచ్చింది. 1970లో దాన్ని గట్టిచేసిండ్రు, ఒకటి ఆఫ్ డెబ్బై అంటరు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఏజెన్సీ భూములు ప్రైవేటు గనులకు ఇయ్యొద్దన్నది. ప్రభుత్వ కంపెనీకి ఆ అడ్డు లేదు. మేం వెట్టి తప్పించుకుని వచ్చి నిలబడ్డ నేల ఈ పిల్ల తాతలది. మా బువ్వ కింద వాళ్ళ అడవి ఉంది. మా తాతను చరిత్ర మరిచిందని ఏడ్చే నేను, ఆ పిల్ల తాతను మరువబోయిన. ఆ రోజు బోర్డు మీద రాసిన శీర్షిక తుడిచేసి మళ్ళా మొదలుపెట్టిన.

ఇప్పుడు పాఠం ఇట్ల నడుస్తుంది. ప్రతి పిల్ల ఇంటికి పోయి అడగాలె. మనింట్ల బాయి దిగిందెవరు? వాళ్ళ అసలు పేరేంది, మస్టర్ పేరేంది? ఆడోళ్ళు ఏం పని చేసిండ్రు? మన పొలం, మన చెట్టు ఎక్కడ ఉండె, ఇప్పుడు అక్కడ ఏముంది? నోటుబుక్కుల్లో రాసుకొస్తున్నరు. తప్పుల తడకలు, సగం వాక్యాలు. నేను దిద్దుత లేను, దాస్తున్న. ఒక పిల్లగాడు వాళ్ళ ముత్తవ్వ పేరు తెలవక "తట్ట మోసిన అవ్వ" అని రాసుకొచ్చిండు.

విద్యార్థులకు, సంఘాలల్ల తిరిగే అన్నలకు, అక్కలకు నేను చెప్పేదొకటే. దిగిపోయిన ఫిల్లర్లు ఇంకా కొందరు బతికున్నరు. లైన్ల అరుగుల మీద దగ్గుకుంట కూర్చున్నరు. ముందు వాళ్ళ కాడికి పోండ్రి. బాయి లోతు ఎంత, టన్నులు ఎన్ని అని తర్వాత అడగొచ్చు. ముందు పేరు అడుగుండ్రి. మస్టర్‌ల ఉన్నది కాదు, తల్లి పిలిచినది.

మా తాత పేరు నేను నా బడి నోటుబుక్కుల్లో మొదటి దాంట్లో, మొదటి పేజీలో రాసిన. దాని కింద గీత గీసి నాయినమ్మ పేరు, దాని కింద ఆమె తల్లి పేరు రాసిన. ఆ పైన ఉండాల్సిన పేర్లు నాకు తెలవవు. ఆ జాగ ఖాళీగ ఉంచిన.